కూరగాయల వారం: అంగన్‌వాడీలో ఆట ఎక్కడ చదువుగా మారుతుంది?

"మా వాడు అంగన్‌వాడీకి పోతున్నాడు గానీ అక్కడ చదువేం చెప్తారండీ, ఆడించి అన్నం పెట్టి పంపుతారంతే." ఈ మాట తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తుంది. అలా అన్న కొన్నాళ్లకే ఆ పిల్లాడు పసుపు రంగు వ్యానెక్కి మండల కేంద్రంలోని ఎల్‌కేజీకి వెళ్తుంటాడు. సంచిలో నాలుగు గీతల పుస్తకం, హోంవర్క్ డైరీ ఉంటాయి. రోజూ ఒక పేజీ నిండుతుంది. చదువు మొదలైందని ఇంట్లోవాళ్లకు కంటికి కనిపిస్తుంది కాబట్టి మనసు కుదుటపడుతుంది.

ప్రభుత్వ కాగితాలు మాత్రం దీనికి ఎదురు చెబుతాయి. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడే దాని ఆరు సేవల్లో ఒకటి బడికి ముందటి చదువు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న వయసునంతా కలిపి ఒకే పునాది దశ అంది. 2022 అక్టోబర్‌లో ఆ దశకు పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక తెచ్చింది. అన్నిటిదీ ఒకటే పాట: ఈ వయసులో ఆటే చదువు.

నినాదంగా ఇది బాగుంది. కానీ ఎల్‌కేజీలో చేర్పించిన తల్లి అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే. చింతగింజలతో ఆడుకునే పిల్లకు లెక్కలు ఎలా వస్తాయి? ఏ నిమిషంలో వస్తాయి? దానికి జవాబు చెప్పకుండా ఆటే చదువు, ఆటే చదువు అంటూ కూర్చుంటే ఎవరు నమ్ముతారు?

అందుకే ఒక వారాన్ని విప్పి చూద్దాం. అంశం కూరగాయలు. ఎక్కడైనా దొరికేవి, పైసా ఖర్చు లేనివి, పిల్లలందరికీ తెలిసినవి. ఇరవై మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయమ్మ, ఒకటే గది. కాస్త బాగా నడిచే కేంద్రాన్నే ఊహించుకుందాం. నడవని కేంద్రాల సంగతికి తర్వాత వద్దాం.

ఆరు రోజులూ వంకాయేనా?

ఆధారశిల ఏడాదిని 48 వారాలుగా విడగొట్టింది. మొదటి 4 వారాలు పిల్లలు ఏడుపు మాని గదికి అలవాటు పడటానికి. తర్వాతి 36 వారాలు అసలు పని. చివరి 8 వారాలు నేర్చుకున్నదాన్ని మళ్లీ తిరగేయడానికి. వారానికో అంశం ఎత్తుకుని ఆరు రోజులూ దాని చుట్టూనే తిరగడం చూస్తే పెద్దవాళ్లకు విసుగు. నిన్న చెప్పిందే ఇవాళా చెప్తారా అనిపిస్తుంది.

మూడేళ్ల పిల్లకు ఒక్కసారి చెప్పింది చెప్పినట్టు కాదు. వంకాయను సోమవారం ముట్టుకుంటుంది, మంగళవారం లెక్కపెడుతుంది, బుధవారం అమ్ముతుంది, గురువారం దాని పేరుకు చప్పట్లు కొడుతుంది. వంకాయ అదే, చేసే పని వేరు. కొత్త పని నేర్చుకునేటప్పుడు వస్తువు పాతదైతే పిల్ల ధ్యాసంతా పని మీదే ఉంటుంది. రోజుకో కొత్త వస్తువు, రోజుకో కొత్త పని రెండూ కలిపి పెడితే రెండూ చేజారతాయి.

ఇంకో కారణం కాగితాల్లో పెద్దగా కనిపించదు గానీ నాకు అదే అసలైనదనిపిస్తుంది. పల్లెల్లో ఈ వయసు పిల్లలు వారంలో అన్ని రోజులూ రారు. జ్వరం, మేనమామ పెళ్లి, జాతర, మిరప కోతలకు అమ్మతో పాటు వెళ్లిన రెండు రోజులు. రోజుకో పాఠం లెక్కన నడిస్తే రాని రోజు పాఠం పోయినట్టే. వారం మొత్తం ఒకే అంశమైతే గురువారం వచ్చిన పిల్లాడు కూడా ఆటలో దిగిపోతాడు.

సోమవారం: బుట్ట ముందు మాటలు

టీచర్ బుట్ట మీద తువ్వాలు కప్పి మధ్యలో పెడుతుంది. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని చెయ్యి లోపల పెట్టి తగిలిందేమిటో చెప్పాలి. కాకరకాయ దొరికిన పిల్ల ఠక్కున చెయ్యి వెనక్కి లాగేసుకుంటుంది. "ఏమైందమ్మా?" "గరుగ్గా ఉంది టీచర్." "ఇంకా ఏం గరుగ్గా ఉంటాయి?" "మా తాత గడ్డం."

ఈ రెండు ప్రశ్నల దగ్గరే పాఠం ఉంది. కాకరకాయ చేత్తో పట్టుకుని "ఇదేంటి?" అని అడిగితే జవాబు ఒక్క మాట, అందరూ కలిసి అరిచేస్తారు, పని అయిపోతుంది. "ఎలా ఉంది, ఇంకా ఏం అలా ఉంటాయి?" అని అడిగితే పిల్ల తన ఇంటిదాకా వెళ్లి వెతుక్కుని మాట తెచ్చుకోవాలి. ఈ వయసులో భాష పెరిగేది ఇలా ఒకరు అని, ఒకరు విని, మళ్లీ ఒకరు అనే వరసలోనే. గదిలో టీచర్ గొంతు ఒక్కటే వినిపిస్తుంటే అది ఎంత మంచి పాటైనా, ఎంత మంచి కథైనా సగం పనే.

ఒక పిల్ల సొరకాయ అంటుంది, ఇంకో పిల్ల ఆనపకాయ అంటుంది. మంచి టీచర్ రెండింటికీ తల ఊపి ముందుకు పోతుంది. కష్టం అసలు తెలుగే ఇంటి భాష కాని చోట ఉంది. తండాలో లంబాడీ మాట్లాడే పిల్లలు, ఏజెన్సీలో కోయ, గోండి మాట్లాడే పిల్లలు గదిలో అడుగుపెట్టగానే మూగబోతారు. వాళ్లకు తెలివి తక్కువని రిజిస్టర్‌లో రాసుకునే ముందు, ఆ బుట్టలో కాయల పేర్లు వాళ్ల భాషలో అడిగి చూడాలి. అదే ఊరి ఆయమ్మ ఉంటే ఈ పని సులువు. చాలా తండాల్లో అసలు టీచర్ ఆయమ్మే అని నేనంటే టీచర్లు కోప్పడకూడదు.

మంగళవారం: నాలుగంటే ఎన్ని?

నాలుగేళ్ల పిల్ల ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది. చుట్టాలొస్తే చెప్పించుకుని మురిసిపోతాం. అదే పిల్ల ముందు చింతగింజలు కుప్పగా పోసి "నాకు నాలుగు ఇయ్యమ్మా" అనండి. చాలామంది గుప్పెడు తీసి చేతిలో పెడతారు. "ఎన్ని ఇచ్చావో లెక్కపెట్టు" అంటే వేలు పెట్టి మొదలుపెడుతుంది. వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు రెండంకెలు ముందుకు పోతుంది. ఒక గింజను రెండుసార్లు తాకుతుంది, పక్కదాన్ని వదిలేస్తుంది. ఎలాగో ఏడు దగ్గర ఆగాక "అయితే ఎన్ని ఉన్నాయి?" అంటే మళ్లీ "ఒకటి, రెండు..." అని మొదటికొస్తుంది. ఏడు అనదు.

పెద్దవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఎందుకంటే లెక్కపెట్టడం మనకు ఒకే పని. నిజానికి అందులో కొన్ని పనులు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. రోచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో వీటిని విడదీసి చూపించారు. అంకెలు ఎప్పుడూ ఒకే వరసలో చెప్పాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె, ఎక్కువా కాదు తక్కువా కాదు. చివర చెప్పిన అంకే మొత్తం లెక్క. ఎటువైపు నుంచి మొదలుపెట్టినా జవాబు మారదు. గింజలైనా గాజులైనా చప్పట్లైనా ఇదే పద్ధతి.

బట్టీ వల్ల వచ్చేది వీటిలో మొదటిది ఒక్కటే. మిగతావి చేతి ద్వారా రావాలి. "చివరి అంకే మొత్తం" అన్నది అన్నిటికన్నా కష్టం. 1990లో కరెన్ విన్ చేసిన పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది: పిల్లలు ఈ మెట్టును ఒక్కసారిగా ఎక్కరు. ముందు 'ఒకటి' అంటే ఏంటో అర్థమవుతుంది, రెండు అడిగితే గుప్పెడు ఇస్తారు. నెలల తర్వాత 'రెండు' కుదురుతుంది. ఆ తర్వాత 'మూడు'. అక్కడి నుంచి ఏదో ఒక రోజు గుట్టు తెలిసిపోతుంది, ఇక అయిదు అడిగినా ఎనిమిది అడిగినా లెక్కపెట్టి సరిగ్గా ఇస్తారు. ఇరవై దాకా అప్పజెప్పే పిల్ల ఇంకా 'రెండు' దగ్గరే ఉండొచ్చు. నోటిని చూసి ఇది కనిపెట్టలేం, చేతిని చూడాలి.

అందుకే మంగళవారం టీచర్ చేసేది చాలా చిన్న పని. "నా బుట్టలో రెండు బెండకాయలు వెయ్యి." వేసిన పిల్లకు "ఇంకోటి వేస్తే?" ఒక్కో కాయకు ఒక్కో విస్తరాకు పెట్టడం, అందరికీ ఒక్కో గ్లాసు ఇవ్వడం కూడా ఈ పాఠమే. అన్నం వేళ కంచాలు పంచే పని పిల్లలకే అప్పజెప్పే కేంద్రంలో లెక్కల పీరియడ్ వేరే అక్కర్లేదు.

ఇక్కడ ఆటను నెత్తికెత్తుకునే వాళ్లు కూడా వినాల్సిన సంగతి ఒకటుంది. నోబెల్ గ్రహీత ఎస్తేర్ డఫ్లో, పిల్లల బుద్ధి మీద పనిచేసే ఎలిజబెత్ స్పెల్కీ, మరికొందరు కలిసి ఢిల్లీ బస్తీల్లోని 214 బాలవాడీల్లో దాదాపు 1,540 మంది పిల్లలతో నాలుగు నెలలు లెక్కల ఆటలు ఆడించారు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏ ఆకారం వేరుగా ఉంది అని చూడగానే పట్టే నేర్పు ఆ పిల్లల్లో బాగా పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో లెక్కల దగ్గరికొచ్చేసరికి ఆడినవాళ్లకూ ఆడనివాళ్లకూ తేడా కనిపించలేదు.

నాకు అర్థమైనంత వరకు దీని సారం ఇది. గింజలతో ఎంత ఆడినా, ఆ గింజలకూ నల్లబల్ల మీది '4'కూ సంబంధం ఉందని పిల్ల తనంతట తాను కనుక్కోదు. ఎవరో ఒకరు కలపాలి. నాలుగు బెండకాయలున్న బుట్ట మీద '4' అని రాసిన అట్ట పెట్టి, ఆ అట్ట మార్చినప్పుడల్లా కాయలు కూడా మార్చాలని ఆట కట్టాలి. ఆట లేకుండా అట్ట చూపిస్తే బట్టీ అవుతుంది. అట్ట లేకుండా ఆట ఒక్కటే ఉంటే ఆటగానే మిగిలిపోతుంది. మన దగ్గర వాదనంతా ఆట మంచిదా, రాత మంచిదా అని రెండు జట్లుగా నడుస్తుంటే, పిల్లకు కావాల్సింది ఆ రెండిటి మధ్య వంతెన వేసే మనిషి.

బుధవారం: సంత

మూలన రెండు చాపలు పరుస్తారు. కొబ్బరి చిప్పలు రెండు, కర్రముక్క, పురికొస కలిపి తక్కెడ. తూకం రాళ్లకు గులకరాళ్లు. డబ్బులకు వేపాకులు, పాత బస్సు టికెట్లు. అయిదేళ్ల పిల్ల కాళ్లు ముడుచుకుని కూర్చుని కొంగు దోపుకున్నట్టు గౌను దోపుకుంటుంది.

"టమాటాలు ఎట్లా?"

"కిలో ఇరవై."

"పదికియ్యి."

"పదికి రావు పో. పుచ్చులు తీస్కుంటవా?"

కొనేవాడు నాలుగేళ్లవాడు. బేరం కుదరక కాసేపు నిలబడతాడు. చెయ్యి టమాటా మీదకు పోతుంది, లాక్కోవాలని ఉంది, మళ్లీ వెనక్కి తీసుకుంటాడు. చివరికి జేబులోంచి అట్టముక్క తీసి, బుట్టకు ఆనించిన ఇంకో అట్టముక్క ముందు పెట్టి, "ఫోన్‌పే చేసిన" అంటాడు. అమ్మే పిల్ల గొంతు మార్చి, కిరాణా కొట్టు మిషన్‌లాగా, "ఇరవై రూపాయలు వచ్చాయి" అని ప్రకటిస్తుంది. గదంతా నవ్వు.

ఈ రెండు నిమిషాల్లో జరిగినవి చూడండి. తెచ్చుకున్న భాష పాఠంలోది కాదు, వాళ్లమ్మ వారం వారం సంతలో మాట్లాడేది. లెక్క ఉంది, బరువు ఉంది. కానీ నన్ను అడిగితే ముఖ్యమైనవి వేరే రెండు.

ఒకటి, ఆ వెనక్కి తీసుకున్న చెయ్యి. నాలుగేళ్లవాడు ఇంట్లో అయితే లాక్కునేవాడే. ఇక్కడ వాడు కొనడానికి వచ్చిన మనిషి, కొనేవాడు డబ్బులివ్వకుండా తీసుకోడు. వేషానికి ఒక నియమం ఉంది, ఆ నియమం కోసం కోరికను ఆపుకున్నాడు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1930లలో చెప్పింది ఇదే: వేషాల ఆటలో పిల్లలు తమ ఇష్టం వచ్చినట్టు ప్రవర్తిస్తారని మనం అనుకుంటాం గానీ, అసలు వాళ్లు అంత గట్టిగా నియమాలకు కట్టుబడేది ఆ ఆటలోనే. తోచింది వెంటనే చేసేయకుండా ఆగడం, చెప్పింది గుర్తుంచుకోవడం, నియమం మారితే తానూ మారడం. ఒకటో తరగతిలో టీచర్ చెప్పేది పూర్తయ్యే దాకా కూర్చోగలగడం ఈ సరుకుతోనే. "చేతులు కట్టుకో, నోరు మూసుకో" అని రోజంతా కూర్చోబెడితే ఆగేది టీచర్ భయానికి. టీచర్ బయటికి వెళ్లగానే గది ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే.

రెండోది ఆ అట్టముక్క. అది అట్టముక్క అని ఇద్దరికీ తెలుసు. అయినా దాన్ని ఫోన్ అనుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక వస్తువు ఇంకో వస్తువుకు బదులుగా నిలబడగలదని ఒప్పుకోవడం ఇది. అక్షరమంటే ఇంతకన్నా ఏముంది? 'వ' అనే వంపుల గీతకూ నోట్లోంచి వచ్చే ఆ చప్పుడుకూ పోలికేమీ లేదు. అదీ అందరం ఒప్పుకున్నదే. '4' అనే గీతలో నాలుగు గింజలు కనిపించవు. వేపాకును పది నోటు చేసి ఆడిన బుర్రకు ఈ ఒప్పందం కొత్త కాదు.

టీచర్ ఇక్కడ చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. ఆటను మధ్యలో ఆపి "టమాటా ఏ రంగు?" అని పరీక్ష పెట్టకూడదు. ఆట చప్పబడుతుందనిపించినప్పుడు తానూ ఒక కొనేదానిగా వెళ్లి, "అమ్మాయ్, మొన్న నీ దగ్గర కొన్న వంకాయలన్నీ పుచ్చులే, మూడిటికి బదులు ఇస్తావా లేదా?" అని గొడవ పెట్టుకోవాలి. ఇంకో పావుగంట ఆట లేస్తుంది. ధరల అట్టలు రాసిపెడితే మంగళవారం నాటి అంకెలు సంతలోకి వచ్చేస్తాయి. ఢిల్లీలో తెగిపోయిన లంకె ఇక్కడ కలుస్తుంది.

గురువారం, శుక్రవారం: చేతులు, చెవులు, కాళ్లు

గురువారం చిక్కుడుకాయలు వలవడం, గోంగూర తుంచడం, బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి అచ్చులు వేయడం. కత్తి పని ఆయమ్మది. చూసేవాళ్లకు ఇది వంటింటి చాకిరీలా ఉంటుంది, కొందరు తల్లులు గొడవ పెట్టుకుంటారు కూడా. నిజానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజను పట్టి తీసే బలమే రేపు పెన్సిల్ పట్టే బలం.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడుతూ వస్తాయి, చివరిది మొదలయ్యేసరికి ఎనిమిదేళ్లు దాటుతాయి. వయసు తేల్చాల్సి వస్తే డాక్టర్లు మణికట్టు ఎక్స్‌రే తీయించేది అందుకే. ఇక మన తెలుగు అక్షరాల సంగతి చూడండి. అన్నీ వంపులే. వరుసలో మూడో అక్షరం 'ఇ' చెయ్యి ఎత్తకుండా రాయాలంటే మణికట్టు ఎన్ని మలుపులు తిరగాలి! మూడేళ్లకే పలక మీద 'ఇ' దిద్దించి, రాలేదని వేళ్ల మీద కొట్టడం నా దృష్టిలో దండగ పని. ఆ ఏడాదంతా మట్టి పిసికి, ముగ్గులాంటి గీతలు గీసి, గింజలు వలిచిన చెయ్యి అయిదేళ్లకు అదే అక్షరాన్ని వారం రోజుల్లో పట్టేస్తుంది. అయిదేళ్లు వచ్చి, తన పేరు రాసుకుంటానని అడిగే పిల్లకు మాత్రం పలక ఇవ్వకుండా 'ఆటే చదువు' అనడం ఇంకో రకం మూర్ఖత్వం.

చెవి పని చప్పట్లతో. వం-కా-య, మూడు. బెం-డ-కా-య, నాలుగు. ము-న-గ-కా-య, అయిదు. ట-మా-టా దగ్గర ఎవరో ఒకరు "దీనికి కాయ లేదు టీచర్" అంటారు. ఆ మాట అన్న పిల్లకు మాటలు ముక్కలవుతాయని, ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయని తెలిసిపోయింది. మన లిపిలో దాదాపుగా ఒక్కో చప్పట్టుకు ఒక్కో అక్షరం. కాబట్టి తెలుగు చదవడానికి ఇంతకన్నా మంచి ముందడుగు లేదు. ఇంగ్లిష్ నర్సరీల్లో ముక్కలు ఇంకా సన్నగా, ఒక్కో ధ్వనిగా విడగొట్టాలి. ఆ పద్ధతినే తెలుగుకూ అంటించి పిల్లల్ని తికమక పెట్టే చోట్లు లేకపోలేదు.

శుక్రవారం కథ, ఆరుబయట నేలా-బండా. నేల మీద ఉన్నవాళ్లను దొంగ పట్టుకోవచ్చు, బండ మీద ఉన్నవాళ్లను పట్టుకోకూడదు. పరుగుతో పాటు నియమం. బుధవారం ఆగిన చెయ్యిలాగే ఇక్కడ కాళ్లు ఆగాలి. ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

శనివారం కొత్తది ఉండదు. పిల్లలు తమకు నచ్చిన మూలకు వెళ్లి వారంలో చేసినవాటిలో ఏదో ఒకటి మళ్లీ చేస్తారు. టీచర్ పని చూడటం. ఎవరు సంతలో ఒక్క మాటా మాట్లాడలేదు, ఎవరు మూడు దాకా సరిగ్గా ఇస్తున్నారు, ఎవరు ఇంకా గుప్పెడు దగ్గరే ఉన్నారు. పుస్తకంలో రెండు మాటలు రాసుకుంటే వచ్చే వారం 'నీళ్లు' అంశంలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలుస్తుంది. పరీక్ష అన్న మాట వినిపించకుండా పరీక్ష అయిపోతుంది.

మరి ఇలా ఎందుకు జరగదు?

ఇంతసేపూ చెప్పింది బాగా నడిచే వారం. అసలు లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిలో టీచర్ చేతిలో ఉన్నది పిల్లల చదువు ఒక్కటే కాదు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు ఎక్కించాలి, బరువులు ఎత్తులు తీయాలి, గర్భిణులకు బాలింతలకు సరుకులు ఇవ్వాలి, టీకాల రోజు పిలుచుకురావాలి. ఇవి కాక ఊళ్లో ఏ సర్వే వచ్చినా ఆమే. సర్వర్ పనిచేయని రోజు ఫొటో ఎక్కే దాకా ఫోన్ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడాలి. 2023లో మొదలైన కేంద్ర కార్యక్రమం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణతో పాటు చదువు కూడా) రోజుకు కనీసం రెండు గంటలు పిల్లల చదువుకే అంటోంది. రెండు గంటలు ఎక్కడి నుంచి తేవాలో మాత్రం ఆ టీచరే వెతుక్కోవాలి.

ఆ సమయం విలువ ఎంతో తమిళనాడులో తేలింది. అక్కడ 640 అంగన్‌వాడీలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని కేంద్రాలకు చదువు కోసం మాత్రమే సగం రోజు పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు దాన్ని కొలిచారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నరకు లెక్కల్లో, భాషలో ఆ పిల్లలు బాగా ముందుకెళ్లారు. పాత టీచర్‌కు ఊపిరి సలిపి పోషణ పని కూడా మెరుగుపడింది, ఎదుగుదల లోపం ఉన్న పిల్లలు తగ్గారు. కొత్త భవనం, కొత్త యాప్, కొత్త యూనిఫాం ఏదీ లేదు. ఒక మనిషి, సగం రోజు.

ప్రైవేటు నర్సరీల్లో సమయం ఉంది, మనిషీ ఉన్నారు, కానీ ఆ సమయమంతా కాపీ పుస్తకానికి పోతోంది. అసోం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో 14,000 మంది దాకా నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చే దాకా వెంటాడి చూసిన అధ్యయనం 2017లో వెలువడింది. అయిదేళ్లకు బడికి సిద్ధంగా ఉండాల్సినంత సిద్ధంగా చాలామంది లేరని తేలింది, వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక బాలబడికి వెళ్తున్నవాళ్లే. అంగన్‌వాడీకి పోయినా, ఎల్‌కేజీకి పోయినా వయసుకు తగిన ఆట-పని దొరకడం అరుదు. ఒక చోట ఏమీ జరగదు, ఇంకో చోట జరగకూడనిది జరుగుతుంది. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఈ రెండో మాట మింగుడుపడదు.

ఒకే గదిలో మూడేళ్లవాళ్లూ అయిదేళ్లవాళ్లూ కలిసి ఉండటాన్ని చాలామంది లోపంగా చెబుతారు. నేను అంతగా ఒప్పుకోను. సంతలో అమ్మేది అయిదేళ్ల పిల్ల కాబట్టే నాలుగేళ్లవాడికి బేరం వచ్చింది. కాకపోతే అయిదేళ్లవాళ్లకు విడిగా ఓ అరగంట కావాలి, అంకెల అట్టలకు, అక్షరాలకు. ఆ అరగంట చిన్నవాళ్లను చిక్కుడుకాయల దగ్గర ఆయమ్మ చూసుకుంటే సరిపోతుంది. లేదంటే జూన్‌లో ఒకటో తరగతికి వెళ్లిన పిల్ల సంత బాగా ఆడగలదు గానీ '7' చూస్తే గుర్తుపట్టదు. ఇలాంటి పిల్లల కోసమే ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు ఆటలతో నడిపే 'విద్యా ప్రవేశ్' 2021లో వచ్చింది. ఎన్ని బడులు ఆ మూడు నెలలూ ఓపిక పడుతున్నాయన్నది వేరే కథ. డిక్టేషన్ మీద మోజు ఒకటో తరగతి టీచర్లకూ తక్కువేం లేదు.

తల్లిదండ్రులు చేయగలిగింది ఉంది. రాత్రి వంట దగ్గర ఉల్లిపాయలు ముందు పెట్టి "మూడు ఇవ్వు నాన్నా" అనండి. ఇచ్చాక "అయిదు చెయ్యి" అనండి. రెండు కలిపి అయిదు చేస్తున్నాడా, అన్నీ తీసేసి మళ్లీ ఒకటి నుంచి పెడుతున్నాడా, గుప్పెడు ఇచ్చేస్తున్నాడా చూడండి. నాలుగేళ్లకు గుప్పెడు ఇచ్చినా కంగారు పడాల్సిన పని లేదు, టెన్షన్ అసలే వద్దు. మరుసటి రోజు కేంద్రానికి వెళ్లినప్పుడు టీచర్‌కు ఆ సంగతి చెప్పండి. ఎన్ని అక్షరాలు వచ్చాయని కాకుండా ఈ వారం అంశం ఏంటి, మా వాడు సంతలో కొంటున్నాడా అమ్ముతున్నాడా అని అడగండి. అలా ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగిన ఊళ్లో ఆ వారం సంత పెట్టక టీచర్‌కు తప్పదు.